వన్‌టౌన్ నుంచి సిరిపురం దాకా: విశాఖ రుచినీ కళనూ ఒక్క రోజులో చూడడం ఎలా?

విశాఖకు మొదటిసారి వచ్చేవాళ్ళు సాధారణంగా కైలాసగిరి, రుషికొండ, వీలైతే అరకు అని ముందే రాసుకుని వస్తారు. అవన్నీ బాగుంటాయి. కానీ ఈ ఊరు ఏం తింటుందో, ఇక్కడి చేతులు ఏం చేస్తాయో తెలియాలంటే పాత ఊరైన వన్‌టౌన్‌లో మొదలుపెట్టి, బీచ్ రోడ్డు మీదుగా పాండురంగపురం, సిరిపురం దాకా ఒక రోజంతా తిరగాలి. దూరం పెద్దగా ఉండదు. సగం నడక, సగం ఆటో.

ఈ దారిలో ప్రతి వీధికీ ఒక వేళ ఉంది. పొద్దున ఆరింటికి హార్బర్‌లో కనిపించేది పదింటికి కనిపించదు. సాయంత్రం ఇసుకలో దొరికే రుచి మధ్యాహ్నం దొరకదు. పనిచేసేవాళ్ళ టైము పట్టుకుని మీరు వెళ్ళాలి. మ్యాప్ చూసుకుని దగ్గరున్నవి ముందు, దూరమైనవి తర్వాత అని తిరిగితే మూసిన షట్టర్లు, ఖాళీ బల్లలే కనిపిస్తాయి.

ముందు రోజును ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. ఎండాకాలంలో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతుంది. వేసవిలోనే రావాల్సివస్తే పదకొండు నుంచి నాలుగింటి దాకా బయట తిరిగే పని పెట్టుకోవద్దు.

చేపల కోసం వచ్చేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మోటారు లేని తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే చేప కొంత దొరుకుతుంది, ధర మాత్రం బాగా పెరుగుతుంది. ఆ రోజుల్లో హోటల్లో పెద్ద చేప ముక్క ఘనంగా వడ్డిస్తే అది ఎప్పటిదో అడగడంలో తప్పులేదు.

వారం సంగతి కూడా చూసుకోండి. మార్గశిర మాసంలో లక్ష్మివారం నాడు, అంటే గురువారం, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ సందడి చూడాలనుకుంటే అదే రోజు రండి. ప్రశాంతంగా వీధులు చూడాలనుకుంటే ఇంకో రోజు పెట్టుకోండి. సబ్‌మెరైన్ మ్యూజియం కూడా చూసే ఉద్దేశం ఉంటే సోమవారం వద్దు, ఆ రోజు సెలవు.

తెల్లవారేసరికి హార్బర్‌లో ఉండండి

ఆరింటిలోపు ఫిషింగ్ హార్బర్‌కు చేరుకోవాలి. రైల్వే స్టేషన్ నుంచి గానీ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గానీ ఆటో మాట్లాడుకోండి. తెల్లవారుజామున సర్వీస్ ఆటోలు తక్కువ. తడిసినా పరవాలేదనిపించే చెప్పులు వేసుకోండి. నేలంతా నీళ్ళు, ఐసు ముక్కలు, పొలుసులు. తెల్ల బట్టలు వద్దు.

లోపలికి వెళ్ళగానే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టకండి. ఇది పని జరిగే చోటు. బుట్టలు, ఐసు బళ్ళు మోసుకొచ్చేవాళ్ళు మీకోసం ఆగలేరు. ఒక పక్కన నిలబడి కాసేపు చూడండి. బోటు లోంచి చేప దిగుతుంది, రకాన్ని బట్టి, సైజును బట్టి కుప్పలు పెడతారు, ఆ కుప్పల మీద వేలం పాట నడుస్తుంది. పాట పాడి కొన్నవాళ్ళలో ఎగుమతి కంపెనీల మనుషులూ ఉంటారు, గంపలో పెట్టుకుని వీధుల్లో అమ్మే ఆడవాళ్ళూ ఉంటారు. ఒక్క చూపులో కుప్ప బరువెంతో చెప్పేసే ఆ ఆడవాళ్ళ అనుభవాన్ని ఎంతసేపైనా చూడొచ్చు. ఫొటో కావాలంటే అడిగి తీయండి. ఎక్కువమంది సరేనంటారు, వద్దన్నవాళ్ళను వదిలేయండి.

2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతాయో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది. కాబట్టి బేరమాడేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోండి. కుప్పకు చెప్పిన ధరలో కొంచెం తగ్గించమనడం మామూలే, సగానికి అడగడం మాత్రం మర్యాద కాదు.

చేప కొనే ఆలోచన ఉంటే ఇలా చూడండి. పెద్ద మరబోట్లు చాలా రోజులు సముద్రంలోనే ఉండి వస్తాయి, వాటి చేప అన్నాళ్ళూ ఐసులో ఉన్నదే. చిన్న ఫైబర్ బోట్లు మాత్రం వెళ్ళిన రోజో మర్నాడో తిరిగొస్తాయి. తాజా చేప కావాలంటే ఆ బోట్లు ఎక్కడ దిగుతాయో అడిగి అక్కడికి వెళ్ళండి. చేప మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి గుంటపడకూడదు. వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేవాలి. మనం వంజరం అనేదాన్ని ఇక్కడ కోనాం అంటారు. చందువ, కోనాం ఖరీదు. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు చౌక. రుచిలో చౌక చేపలేమీ తీసిపోవు. నెత్తళ్ళ వేపుడు తిన్నవాళ్ళెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. కోసి శుభ్రం చేసినందుకు విడిగా డబ్బులివ్వాలి, అది ముందే మాట్లాడుకోండి. ఊరు దాటి తీసుకెళ్ళేటట్టయితే థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి సర్దించుకోండి.

టిఫిన్, ఆ తర్వాత పాత వీధులు

ఎనిమిదింటికల్లా ఆకలి దంచేస్తుంది. వన్‌టౌన్‌లో, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల చిన్న టిఫిన్ హోటళ్ళు, తోపుడుబళ్ళు చాలా ఉన్నాయి. పేరు చూసి వెళ్ళకండి, పెనం చూసి వెళ్ళండి. ప్లేటు పెట్టిన వెంటనే ఖాళీ అవుతోందా, ఇడ్లీ పాత్ర మూత తరచూ తెరుచుకుంటోందా, చట్నీ గిన్నె నిండుగా ఒకేచోట ఉండిపోకుండా మళ్ళీ మళ్ళీ నింపుతున్నారా అన్నది గమనించండి. పూరీలోకి బొంబాయి చట్నీ, పెసరట్టులోకి అల్లం చట్నీ అడగండి. ఎక్కడైనా దిబ్బరొట్టె కనిపిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి అదే తినండి. అడుగున ఎర్రగా కాలిన పొర దాకా తినాలి. మరీ కడుపు నిండా మాత్రం వద్దు, రోజు ఇంకా చాలా ఉంది.

తిన్నాక బురుజుపేట వైపు నడవండి. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడిలో గర్భగుడికి పైకప్పు లేదు. అమ్మవారు ఎండలో, వానలో ఆకాశం కిందే ఉంటారు. భక్తులు తామే స్వయంగా పసుపు కుంకుమలతో పూజ చేసుకోవచ్చు, కుల మత భేదం లేదు. 1912లో విగ్రహం బావిలో దొరికిందనీ, 1917లో రోడ్డు కోసం పక్కకు జరిపితే ఊళ్ళో ప్లేగు వచ్చిందనీ, భయపడి మళ్ళీ మొదటి చోటుకే తెచ్చారనీ ఇక్కడ చెబుతారు. పూలదండలు, పసుపు, గాజులు అమ్మే కొట్ల వరసను తొందరగా దాటిపోకండి. ఆ దండలు కట్టే వేళ్ళ వేగం కూడా చూడదగ్గదే.

అక్కడి నుంచి కురుపాం మార్కెట్ దగ్గరే. రాతి తోరణం దాటి లోపలికి వెళితే వెండి బంగారం పని, పాత్ర సామాను, పూజ సామాను. నగల పనివాళ్ళు కూర్చునే చిన్న గదులు సందుల్లో కనిపిస్తాయి. వాళ్ళు పదింటి తర్వాతే పనిలో పడతారు, కాబట్టి గుడి ముందు, మార్కెట్ తర్వాత. ఏమీ కొనకపోయినా నిలబడి చూడొచ్చు. అడ్డంగా నిలబడకుండా, వెలుతురు ఆపకుండా ఉంటే చాలు.

ఇక పాత కట్టడాలు. బొబ్బిలి రాజా ఇచ్చిన డబ్బుతో కట్టిన టౌన్‌హాలు, 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ స్కూలు, పైకి వెళితే 1860 నాటి ఏవీఎన్ కాలేజీ. సర్ సి.వి. రామన్ చిన్నప్పుడు ఆ స్కూల్లోనూ ఆ కాలేజీలోనూ చదివారు. బయటి నుంచే చూడండి. స్కూలు, కాలేజీ నడుస్తూ ఉంటాయి, లోపలికి వెళ్ళాలంటే ముందు అనుమతి అడగాలి. దారి అడిగితే ఇక్కడివాళ్ళు ఎడమ, కుడి అని తక్కువ చెబుతారు. ఏవీఎన్ కాలేజీ డౌన్, కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) డౌన్ అని వాలును పట్టి చెబుతారు. ఆటో అతనికి కూడా అలాగే చెప్పండి, మీటర్ల లెక్కలు చెప్పాల్సిన పని ఉండదు.

కాళ్ళల్లో ఓపిక ఉంటే ఒక కొండ ఎక్కండి. ఇక్కడ మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇస్హాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్నది రాస్ హిల్. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అది ప్రార్థనామందిరమైంది. రేవులోకి వచ్చే ఓడలు, వెళ్ళే ఓడలు దర్గాకు మూడుసార్లు జెండా దించి ఎత్తి సలాం చేసేవని పాత రికార్డుల్లో ఉంది. మూడూ ఎక్కే టైము లేకపోతే రాస్ హిల్ ఎక్కండి. 1933లో ప్రారంభమైన రేవు కాలువ కిందే కనిపిస్తుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఒక పెద్ద ఓడ ఆ ఇరుకు దారిలో లోపలికి వస్తుంటే చూడడానికి అరగంట పట్టినా కదలబుద్ధి కాదు. ఎండెక్కక ముందే ఎక్కి దిగేయాలి, నీళ్ళ సీసా తప్పనిసరి.

మధ్యాహ్నం భోజనం

జగదాంబ సెంటరు వైపు రండి. బిర్యానీ కావాలనుకుంటే అక్కడి ఆల్ఫా హోటల్ పేరు ఊరంతా చెబుతుంది. నా ఓటు మాత్రం చేపల పులుసుకే. చిన్న భోజన హోటల్‌కు వెళ్ళి, మెనూ చూడకుండా "ఇవాళ ఏం చేప వచ్చింది?" అని అడగండి. జవాబు వెంటనే, ఒకటో రెండో పేర్లతో వస్తే కూర్చోండి. అన్ని రకాలూ ఉన్నాయండీ అంటే ఇంకో చోటికి పదండి. చింతపండు పులుసులో ఉడికిన ముక్క, వేడన్నం, పక్కన రొయ్యల వేపుడు ఉంటే ఇంకేం కావాలి. ఎండుచేప-వంకాయ కూర కనిపిస్తే మొహమాటపడకుండా వేయించుకోండి. అది తీరప్రాంతం ఇళ్ళలో వండుకునే కూర, పెద్ద రెస్టారెంట్లలో దాదాపు కనపడదు.

శాకాహారులకు ఉత్తరాంధ్ర వంటలో ఆవ, నువ్వు ఎక్కువ. పనసపొట్టు ఆవపెట్టి చేసిన కూర ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకునే వంట. హోటళ్ళలో రోజూ ఉండదు, ఉన్న రోజు వదలొద్దు. వేసవిలో రోడ్డు పక్కన కుండల్లో చోడంబలి అమ్ముతారు. రాగుల్ని ఇక్కడ చోళ్ళు అంటారు. మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ నంజుకుని ఒక గ్లాసు తాగితే ఎండ దెబ్బ తగలదని ఇక్కడి పెద్దల నమ్మకం. నాకు మాత్రం అంతకంటే చల్లటి భోజనం తెలియదు.

తీపికి మాడుగుల హల్వా కొనండి. అనకాపల్లి జిల్లా మాడుగులలో పుట్టిన ఈ హల్వాను గోధుమల్ని నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి, పంచదార, నెయ్యితో గంటల తరబడి కలుపుతూ చేస్తారు. కొనేటప్పుడు కొంచెం రుచి చూపించమనండి. నెయ్యి వాసన రావాలి, నోట్లో సాగకుండా కరగాలి.

తర్వాత రెండు గంటలు పడుకోండి. నిజంగానే చెబుతున్నాను. సాయంత్రం ఇంకా చాలా ఉంది, అలసిపోయిన కాళ్ళతో బీచ్ రోడ్డు నడిస్తే ఏదీ ఎక్కదు.

నాలుగింటి నుంచి బీచ్ రోడ్డు

కోస్టల్ బ్యాటరీ దగ్గర దిగి ఉత్తరం వైపు నడవండి. పాత డచ్ బంగళాలో 1991లో పెట్టిన విశాఖ మ్యూజియం ఇదే రోడ్డు మీద ఉంది. రాజుల కాలపు ఆయుధాలు, నగలు, పటాలు ఉన్నాయి గానీ, నన్ను ఎప్పుడూ ఆపేసేది 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన వాటిలో పేలకుండా మిగిలిన బాంబు. ఆ రోజు ఊరు ఊరంతా ఖాళీ చేసి వెళ్ళిపోయిన కథలు ఇక్కడి పాత కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మ్యూజియం సాయంత్రం మూసేలోపు చూసేయాలి కాబట్టి దీన్ని ముందు పెట్టుకోండి.

ఒడిశా జయపురం రాజులు కట్టించిన హవామహల్ కూడా ఈ దారిలోదే. మామూలు రోజుల్లో గేటు మూసి ఉంటుంది. చిత్ర ప్రదర్శనలు, సాహిత్య కార్యక్రమాలు జరిగే రోజుల్లో మాత్రం లోపలికి వెళ్ళొచ్చు. గేటు తెరిచి ఉందంటే ఏం జరుగుతోందని ఆలోచించకుండా లోపలికి వెళ్ళండి. సముద్రం గాలి తగిలే ఆ వరండాలో బొమ్మలు చూడడం వేరే ఏ గ్యాలరీలోనూ దొరకని అనుభవం.

సబ్‌మెరైన్, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం పిల్లలతో వచ్చినవాళ్ళు తప్పక చూడాలి. క్యూ పెద్దదిగా ఉంటే ఈ రోజుకు వదిలేయండి.

చీకటి పడబోతుండగా ఆర్కే బీచ్ ఇసుకలోకి దిగండి. ఇప్పుడు మురీ మిక్చర్ వేళ. బండి ముందు నిలబడి చేసే తీరు చూడాలి. మరమరాలు, వేయించిన వేరుశెనగలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, ఉప్పు కారం, చివర్లో నిమ్మకాయ పిండి గిన్నెలో టకటకా కలిపి పొట్లంలో వేసి ఇస్తారు. చేతికి అందిన నిమిషంలోనే తినాలి, ఆలస్యం చేస్తే మరమరాలు మెత్తబడిపోతాయి. ముందే కలిపి పెట్టినది ఇస్తే వద్దనండి. కారం తక్కువ కావాలంటే కలపక ముందే చెప్పండి. పిడత కింద పప్పు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, చలికాలంలో తేగలు, ఎండాకాలంలో తాటిముంజెలు. ఒక్కో బండి దగ్గర ఒక్కొక్కటి తినండి, అన్నీ ఒకే చోట వద్దు. పొట్లం కాగితాలు ఇసుకలో పడేయకండి.

ఇక్కడ సముద్రంలో స్నానానికి దిగొద్దు. ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. ఏటా ప్రాణాలు పోతున్నాయి. పాదాలు తడుపుకుని వెనక్కి రండి. నీళ్ళలో ఆడే పిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకండి.

ఏడింటికి సిరిపురం

బీచ్ నుంచి పాండురంగపురం మీదుగా ఎత్తు ఎక్కితే సిరిపురం వస్తుంది. గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా రెండూ ఇక్కడే. నాటకాలు, నృత్యం, సంగీతం, అభినందన సభలు ఏదో ఒకటి నడుస్తూనే ఉంటాయి. కార్యక్రమాల సమాచారం తెలుసుకోవడానికి ఇప్పటికీ మంచి దారి తెలుగు దినపత్రికల విశాఖ జిల్లా పేజీ. పొద్దున టిఫిన్ తింటూ 'నేటి కార్యక్రమాలు' చూసేయండి. చాలా వాటికి టికెట్ ఉండదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. పిఠాపురం కాలనీలో కళాభారతి ఆడిటోరియం శాస్త్రీయ సంగీతానికి, నృత్యానికి పేరున్న చోటు. కచేరీ ఉందని తెలిస్తే సిరిపురం బదులు నేరుగా అక్కడికే ఆటో ఎక్కండి.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్కనే. అక్కడి ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు చిత్రాలు, శిల్పాలు ప్రదర్శనకు పెడుతుంటారు. అలాంటిది జరుగుతుంటే తప్పక వెళ్ళండి, బొమ్మ ముందు నిలబడ్డ విద్యార్థితో మాట్లాడండి. ఏ రంగు ఎందుకు వేశారని అడిగేవాళ్ళ కోసం ఆ పిల్లలు ఎదురుచూస్తుంటారు. నచ్చితే చిన్నదైనా ఒకటి కొనండి. మొదటి బొమ్మ అమ్ముడుపోవడం ఒక చిత్రకారుడికి ఎంత ధైర్యమో బయటివాళ్ళకు తెలియదు. రాత్రి భోజనానికి సిరిపురం చుట్టుపక్కల కెఫేలు, రెస్టారెంట్లు కావలసినన్ని ఉన్నాయి, కాబట్టి కార్యక్రమం పూర్తయ్యేదాకా కూర్చునే తినడానికి వెళ్ళండి.

ఇంటికి ఏం తీసుకెళ్ళాలి

ఏటికొప్పాక బొమ్మలు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామంలో అంకుడు కర్రను లేతు (కర్రను తిప్పి చెక్కే యంత్రం) మీద తిప్పుతూ, లక్కను రాపిడి వేడితో కరిగించి పూసి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి చేస్తారు. విత్తనాలు, బెరళ్ళు, వేర్లు, ఆకుల నుంచి తీసిన సహజమైన రంగులు వాడతారు, కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు కూడా ఇవ్వడానికి భయపడక్కరలేదు. 2017లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఈ సహజ రంగుల పనిని నిలబెట్టినందుకు సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

బీచ్‌లో, ఎగ్జిబిషన్లలో ఏటికొప్పాక అని చెప్పి ఎనామిల్ పెయింట్ వేసిన బొమ్మలు కూడా అమ్ముతుంటారు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. లక్క బొమ్మ మెరుపు మెత్తగా, కర్రలోంచి వచ్చినట్టు ఉంటుంది, రంగు వాసన ఉండదు. పెయింట్ వేసినది కళ్ళకు గుచ్చుకునేంత మెరుస్తుంది, అంచుల్లో రంగు గడ్డకట్టి కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెడితే తెలిసిపోతుంది. ప్రభుత్వ లేపాక్షి దుకాణంలో కొంటే ఈ టెన్షన్ ఉండదు. బొబ్బిలి వీణ నమూనాలు, బుడితి ఇత్తడి సామాను ఉన్నాయేమో కూడా అక్కడే అడగండి.

ఇంకో రోజు చేతిలో ఉంటే ఏటికొప్పాకకే వెళ్ళండి. విశాఖ నుంచి జాతీయ రహదారి మీద యలమంచిలి దాటాక అడ్డరోడ్డు దగ్గర దిగి లోపలికి వెళ్ళాలి. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. లేతు తిరుగుతున్నప్పుడు పక్కన నిలబడి, ఒట్టి కర్రముక్క మీదకు రంగు ఎక్కడం చూశాక ఆ ఇంట్లోనే బొమ్మ కొనండి. ఆదివారం పని ఉంటుందో లేదో ముందు రోజే కనుక్కుని బయలుదేరండి.